మన ఊరి ఆడవాళ్ళ ఉపాధికి ముందు ఏది అడగాలి: పని దినాలా, పిల్లల కేంద్రమా, ముసలివాళ్ళ సంరక్షణా, బస్సా, రుణమా, ఫ్యాక్టరీయా?

ఏటా అక్టోబరు 2 నుంచి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల సందడి మొదలవుతుంది. డ్వాక్రా సంఘాల తరఫున గ్రామ సమాఖ్యలు కూడా తమ ప్రతిపాదనలు రాసి అందులో కలపాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆడవాళ్ళ ఉపాధి దగ్గరికి వచ్చేసరికి ఏ ఊరి కాగితం చూసినా ఒకటే కోరిక కనిపిస్తుంది: కుట్టు మిషన్లు ఇప్పించండి. ఎవరూ కాదనరు కాబట్టి రాసేస్తారు. ఊళ్ళో కుట్టేవాళ్ళు ఇప్పటికే సరిపడా ఉన్నారు, బట్టలు కుట్టించుకునే వయసువాళ్ళు మాత్రం హైదరాబాదుకో విశాఖకో వెళ్ళిపోయారు.

ఆ కాగితం రాసే సమాఖ్య అధ్యక్షురాళ్ళు, సమాఖ్య లెక్కలు చూసే వీవోఏలు, వార్డు మెంబర్లు, సర్పంచ్‌ల కోసం ఇది రాస్తున్నాను. పథకాలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి అడిగితే ఏదీ రాదు. ముందు ఏది అడగాలో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఇప్పుడే ఎందుకు ఆలోచించాలి

2011 జనాభా లెక్కల్లో ప్రతి వెయ్యి మంది మగవాళ్ళకు శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్ళు ఉన్నారు. దీనికి వలస ఒక పెద్ద కారణం. మగవాళ్ళు భవనాల పనికి చెన్నై, బెంగళూరు, హైదరాబాదు పోతారు. మత్స్యకార గ్రామాల నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తారు. ఇంకోవైపు పుట్టే పిల్లలు తగ్గారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో రాష్ట్రం ఎత్తేసింది కూడా ఇందుకే. కానీ ఇవాళ పుట్టిన బిడ్డ పనికి రావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఉభాలైనా (వరి నాట్లు), కోతలైనా, ఫ్యాక్టరీ అయినా, ఆసుపత్రి అయినా నడవాల్సింది ఇప్పుడున్న ఆడవాళ్ళ మీదే. వాళ్ళలోనూ నలభై ఐదు దాటినవాళ్ళ వాటా పెరుగుతోంది.

మన ఆడవాళ్ళు పని చేయడం లేదన్న మాట తప్పు. దేశంలో 15 ఏళ్ళు దాటిన మహిళల్లో పనిలో ఉన్నవాళ్ళూ పని వెతుక్కుంటున్నవాళ్ళూ కలిపి 2017-18లో 23.3 శాతం ఉంటే, 2023-24కి 41.7 శాతానికి చేరారు. ఆ పెరుగుదలలో పెద్ద భాగం పల్లెల్లో సొంత పొలంలో, సొంత కొట్లో పని చేసేవాళ్ళదే. వాళ్ళలో చాలామందికి జీతం అంటూ చేతికి వచ్చేది ఏమీ లేదు. కాబట్టి ఎంతమంది పనిలో ఉన్నారన్న అంకె ఒక్కటే చూసి పథకాన్ని మెచ్చుకోకూడదు.

ఏ కొలతతో చూడాలి

ఏ పథకాన్నయినా నేను నాలుగు ప్రశ్నలతో చూస్తాను.

మొదటిది గంటలు. ఆ పథకం వల్ల ఆమె రోజులో ఎంత సమయం మిగులుతుంది? 2024 సమయ వినియోగ సర్వేలో ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. పిల్లలు, ముసలివాళ్ళు, రోగుల సంరక్షణ చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి 137 నిమిషాలు, మగవాళ్ళు 75. ఇంట్లో ఏడు గంటలు పోయాక ఎనిమిది గంటల ఉద్యోగం ఇస్తామంటే ఏ మనిషి చేయగలదు? అన్నిటికంటే ఎక్కువ బరువు నేను ఈ ప్రశ్నకే ఇస్తాను.

రెండోది, డబ్బు ఆమె సొంత ఖాతాలో పడుతుందా? మూడోది, నలభై ఐదు దాటిన మనిషికి అందులో చోటుందా? నాలుగోది, ఆ పథకం ఆగిపోతే చేతిలో ఏం మిగులుతుంది?

| ఎంపిక | గంటలు మిగులుతాయా | డబ్బు ఆమె చేతికా | 45 దాటితే | ఆగిపోతే మిగిలేది |
|---|---|---|---|---|
| ఉపాధి హామీ | లేదు | అవును, ఖాతాలో | చోటుంది, కానీ తవ్విన కొలతను బట్టి కూలి | ఊరి చెరువు, కాలువ |
| పిల్లల కేంద్రం | బాగా | నేరుగా కాదు | నడిపే ఉద్యోగం దొరకొచ్చు | భవనం, అలవాటు |
| ముసలివాళ్ళ సంరక్షణ | చాలా | నడిపేవాళ్ళకు అవును | వీళ్ళకే బాగా సరిపోతుంది | నేర్చుకున్న పని |
| ఉచిత బస్సు | కొంత | ఖర్చు మిగులుతుంది | అందరికీ | ఏమీ లేదు |
| డ్వాక్రా రుణం | లేదు | సంఘం ద్వారా | చోటుంది | ఆస్తి లేదా అప్పు |
| శిక్షణ, ఫ్యాక్టరీ | లేదు | అవును, నెల జీతం | కష్టం | పీఎఫ్, అనుభవం |

ఉపాధి హామీ

మన రెండు జిల్లాల్లో చాలామంది ఆడవాళ్ళకు చేరిన పథకం ఇది. మగ కూలీకి ఎంతో ఆడ కూలీకీ అంతే. 2025-26లో రోజు కూలి 307 రూపాయలు. వంద రోజులూ దొరికి, కొలతలన్నీ సరిగ్గా వచ్చినా ఏడాదికి 30,700. అదే ఇంట్లో అత్తగారికి నెలకు 4,000 చొప్పున ఏడాదికి 48,000 పింఛను వస్తుంది. ఎండలో మట్టి తవ్విన కోడలి సంపాదన పింఛను కంటే తక్కువ. ఈ పథకం కరువు రోజుల్లో ఊతం అవుతుందే తప్ప బతుకుదెరువు కాదు. అడిగేటప్పుడు ఆ సంగతి మరిచిపోకూడదు.

2025 డిసెంబరులో పార్లమెంటు చేసిన కొత్త చట్టం పని దినాలను 125కి పెంచింది. విత్తులు, కోతలు ముమ్మరంగా ఉండే రోజుల్లో 60 రోజుల దాకా పనులు ఆపేందుకు వీలు కల్పించింది. ఉభాలకి వెళ్ళగలిగేవాళ్ళకు అందువల్ల నష్టం లేదు. నడుం వంగని పెద్దామెకు మాత్రం ఆ రెండు నెలలూ చేతిలో పని ఉండదు.

చాలా ఊళ్ళు అడగకుండా వదిలేస్తున్న ఒక హక్కు ఉంది. పని జరిగే చోటికి వెళ్ళి చూడండి. తుమ్మ చెట్టుకు చీర ఉయ్యాల కట్టి ఉంటుంది. లోపల పాప, పక్కన డెబ్బై ఏళ్ళ మామ్మ. ఇంకో నలుగురు పిల్లలు గట్టు మీద మట్టిలో ఆడుకుంటుంటే ఆ మామ్మే కేకేసి పిలుస్తూ ఉంటుంది. ఆమెకి రూపాయి రాదు. 2005 చట్టం ప్రకారం ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళని చూసుకోవడానికి ఒక మహిళని పెట్టి, ఆమెకీ మిగతావాళ్ళతో సమానంగా కూలి ఇవ్వాలి. జాబ్ కార్డులో పేరున్న పెద్దామెను ఆ పనికి పెట్టమని మేటీ (కూలీల జట్టు పెద్ద) ద్వారా, ఫీల్డ్ అసిస్టెంట్ ద్వారా రాతపూర్వకంగా అడగండి. కొత్త చట్టం కింద కూడా ఈ ఏర్పాటు పోకుండా పట్టుబట్టాలి.

పిల్లల కేంద్రం

అంగన్‌వాడీ ఉంది కదా, ఇంకా ఏం కావాలని అడుగుతారు. అంగన్‌వాడీలో రోజంతా కూర్చునేది ఎక్కువగా మూడేళ్ళు దాటినవాళ్ళు. తల్లిని ఇంటికి కట్టేసేది అంతకంటే చిన్న పిల్లలు. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకంలో ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లల్ని పగలంతా చూసుకునే అంగన్‌వాడీ-కమ్-క్రెష్‌లకు వీలుంది. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉండాలి.

దీని ఫలితం బయటి దేశాల్లో రుజువైంది. కెనడాలోని క్యుబెక్ 1997లో రోజుకు 5 డాలర్లకే పిల్లల కేంద్రాలు పెట్టాక చిన్న పిల్లల తల్లులు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకు వచ్చారు. జర్మనీ 2013 ఆగస్టు నుంచి ఏడాది దాటిన ప్రతి బిడ్డకూ కేంద్రంలో చోటు పొందే హక్కు ఇచ్చింది. మనకంటే ఎంతో ముందే ముసలిదైన జపాన్‌లో 15 నుంచి 64 ఏళ్ళ మహిళల్లో పనిలో ఉన్నవాళ్ళు 2012లో దాదాపు 60 శాతం ఉంటే 2019కి 70 దాటారు. కేంద్రంలో చోటు కోసం ఎదురుచూసే పిల్లలు 2017లో 26 వేలకు పైగా ఉండగా 2024 నాటికి 3 వేల లోపుకు దిగారు. అయితే అక్కడ పనికొచ్చిన ఆడవాళ్ళలో సగానికి పైగా పార్ట్ టైం, కాంట్రాక్టు కొలువుల్లోనే ఉన్నారు. మనం ఆ పొరపాటు చేయకూడదు. పిల్లల కేంద్రంతో పాటు సరైన జీతం ఉన్న పని కూడా దగ్గర్లో ఉండాలి.

అడిగే ముందు వేళలు చూసుకోండి. వేసవిలో ఉపాధి పని తెల్లవారే మొదలవుతుంది. కేంద్రం తొమ్మిదికి తెరిస్తే ఆ తల్లికి ఏం ఉపయోగం? మీ ఊరి పని వేళలే కేంద్రం వేళలు కావాలని ప్రతిపాదనలోనే రాయండి.

ముసలివాళ్ళ సంరక్షణ

నా మటుకు నేను ఎక్కువ ఊళ్ళకు దీన్నే మొదట అడగమంటాను. ఇంతవరకు దాదాపు ఎవరూ అడగనిదీ ఇదే.

గరివిడి, గుర్ల, చీపురుపల్లి వైపు మెట్ట ఊళ్ళలో ఒక ఇల్లు ఊహించుకోండి. కొడుకు బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. కోడలికి నలభై ఎనిమిది. ఆమె పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు కాబట్టి క్రెష్ అవసరం లేదు. అత్తకి తుంటి విరిగింది. పొద్దున్నే దొడ్డికి తీసుకెళ్ళాలి, ఒళ్ళు తుడవాలి, అంబలి తాగించాలి, మధ్యాహ్నం పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఆ మధ్యాహ్నపు ఒక్క పని కోసం కోడలు రోజంతా ఊరు దాటలేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో అయితే భర్తని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాసకో సోంపేటకో తీసుకెళ్ళే భార్యలున్నారు. జీడి పరిశ్రమలో కిలోల లెక్కన కూలి కాబట్టి వెళ్ళని రోజు కూలి లేదు. వాళ్ళకి కుట్టు మిషన్ ఇచ్చినా, బస్సు ఫ్రీ చేసినా ఇల్లు కదలలేరు.

ప్రభుత్వం డబ్బు ఇస్తోంది, అది గట్టి మేలే. ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో వృద్ధులకు నెలకు 4,000. పక్షవాతం, ప్రమాదం లాంటి వాటితో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. అర్హత ఉండీ ధ్రువపత్రం లేక ఆగిపోయినవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే ముందు ఆ పని చేయించండి. కానీ డబ్బు వచ్చినంత మాత్రాన అత్తని పక్కకి తిప్పే చెయ్యి దొరకదు. మనిషి కావాలి.

జపాన్ 2000లోనే దీర్ఘకాల సంరక్షణ బీమా పెట్టింది. నలభై దాటిన ప్రతివాళ్ళూ చందా కడతారు, ముసలితనంలో ఇంటికి సహాయకులు వస్తారు, పగటిపూట కేంద్రాలకు తీసుకెళ్తారు. ఆ ఉద్యోగాల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే, నడివయసు వాళ్ళూ బాగా ఉన్నారు. అంత డబ్బు మన దగ్గర లేదంటే కేరళని చూడండి. 2008లో పాలియేటివ్ కేర్ (నయం కాని రోగుల బాధ తగ్గించే సంరక్షణ) విధానం తెచ్చి, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు నర్సుని పంపే బాధ్యతని పంచాయతీలకు అప్పజెప్పింది.

మన ఊరి స్థాయిలో అడగదగ్గవి ఇవి. వాడని పంచాయతీ భవనంలోనో పాత స్కూలు గదిలోనో నడవగలిగే వృద్ధులకు పగటి కేంద్రం, మధ్యాహ్న భోజనంతో సహా. మంచాన ఉన్నవాళ్ళ కోసం నలభై ఐదు, యాభై ఏళ్ళ డ్వాక్రా సభ్యుల్లో ఇద్దరు ముగ్గురికి పీహెచ్‌సీలో శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ వెళ్ళేలా గౌరవ వేతనం. రోగిని ఎలా తిప్పాలి, పుండు ఎలా కడగాలి, మందులు ఏ వేళకి వేయాలి అన్నది మన ఆడవాళ్ళు నేర్చుకోలేని విద్య కాదు. ఇప్పటికే ఇళ్ళలో జీతం లేకుండా చేస్తున్నదే. ఒక మనిషికి ఉద్యోగం ఇస్తే ఐదారుగురు కోడళ్ళకు రోజులో సగం చేతికి వస్తుంది. పైగా ఈ ఉద్యోగానికి నడివయసు అడ్డు కాదు. కుర్ర పిల్లకంటే ఆమెకే ఓపిక, అనుభవం ఎక్కువ. ఆశా కార్యకర్తల వయోపరిమితిని రాష్ట్రం 2025లో 62కి పెంచింది. అదే లెక్కన ఈ సంరక్షకులకీ 62 దాకా అవకాశం అడగొచ్చు.

ఇందులో ఇబ్బంది కూడా చెప్పాలి. దీనికి క్రెష్‌లాగా సిద్ధంగా ఉన్న పథకం పేరు రాసి సంతకం పెట్టించే పరిస్థితి లేదు. పంచాయతీ, డ్వాక్రా సంఘాలను చూసే వెలుగు ఆఫీసు, పీహెచ్‌సీ మూడూ కలవాలి. ఏడాది తిరగాల్సి రావచ్చు. సమాఖ్యలో ఓపిగ్గా తిరిగే మనిషి ఉంటేనే దీన్ని ఎత్తుకోండి.

బస్సు

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. రోజుకు 60 రూపాయలు ఆటోకి పెట్టే మనిషికి నెలలో 25 రోజుల పనికి 1,500 మిగులుతాయి. చిన్న జీతాల మీద ఇది పెద్ద మొత్తం. కానీ బస్సు రాని ఊరికి ఉచిత టికెట్ ఎందుకు? మీరు అడగాల్సింది షిఫ్టు వేళకి ఒక ట్రిప్పు. డిపో మేనేజరుకి ఇచ్చే అర్జీలో ఎంతమంది, ఏ ఊరి నుంచి, ఎన్ని గంటలకి అన్నది పేర్లతో రాస్తే ఆ అర్జీకి విలువ ఉంటుంది.

డ్వాక్రా రుణం

సంఘానికి 10 లక్షల దాకా తాకట్టు లేకుండా బ్యాంకు రుణం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మన జిల్లాల్లో సంఘాలు బలంగా ఉన్నాయి, కంతులు సరిగ్గా కడతారు. గేదె, కొట్టు, టిఫిన్ బండి, జీడిపప్పు గ్రేడింగ్ లాంటివి అప్పటికే చేస్తున్న మనిషికి రుణం బాగా పనికొస్తుంది. గంటలు లేని మనిషికి ఇస్తే ఆ డబ్బు ఇంటి ఖర్చులోకో కొడుకు వలస ఖర్చులోకో పోతుంది, కంతు మాత్రం ఆమె పేరు మీద ఉంటుంది. అందుకే మొదటి కోరికగా రుణం రాయొద్దంటాను.

పొందూరు లాంటి చోట సంగతి కొంచెం వేరు. అక్కడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్న నూలు తీసే ఆడవాళ్ళలో పెద్ద వయసువాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంట్లోనే ఉంటూ అత్తనో మనవడినో చూసుకుంటూ చేసే పని. అలాంటివాళ్ళకి అప్పు కంటే ముందు చిలపకి (నూలు కట్టకి) మంచి రేటు అడగాలి.

శిక్షణ, ఫ్యాక్టరీ

పైడిభీమవరం, రణస్థలం, పూసపాటిరేగ, బొబ్బిలి గ్రోత్ సెంటర్ చుట్టుపక్కల ఊళ్ళకు, అచ్యుతాపురం వస్త్ర పరిశ్రమకు బస్సు వెళ్ళే ఊళ్ళకు ఇది మంచి ఎంపిక. నెల జీతం, పీఎఫ్, ఈఎస్ఐ మిగతా ఏ పథకంలోనూ దొరకవు. గ్రామీణ యువత కోసం ఉన్న డీడీయూ-జీకేవై శిక్షణలో మామూలు వయోపరిమితి 35 అయినా ఆడవాళ్ళకు 45 దాకా వీలుంది. చాలామంది ముప్పై దాటాక అడగడమే మానేస్తున్నారు, మానొద్దు.

చేరే ముందు అడగాల్సినవి: 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థలో క్రెష్ ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూడొచ్చు. మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు. రాత్రి షిఫ్టు ఆమె ఒప్పుకుంటేనే, రవాణా, భద్రత ఇచ్చాకే. ఇవి అడిగినందుకు మొహం చిట్లించే చోట మన పిల్లల్ని చేర్చొద్దు.

మీ ఊరు ఎలాంటిది?

పారిశ్రామిక ప్రాంతానికి గంట ప్రయాణంలో ఉండి, ఊళ్ళో చిన్న పిల్లల తల్లులు ఎక్కువగా ఉంటే క్రెష్, షిఫ్టు బస్సు జతగా అడగండి. ఒకటి లేకుండా రెండోది సగమే పనిచేస్తుంది.

మెట్ట ప్రాంతపు వలస ఊరైతే, ఉద్దానం ఊరైతే వృద్ధుల, రోగుల సంరక్షణ ముందు. దానితోపాటు ఉపాధి పని చోట పిల్లల్ని చూసుకునే పెద్దామెకు కూలి.

తీరంలోని మత్స్యకార గ్రామాల్లో చేపలు అమ్మేది, ఎండబెట్టేది ఆడవాళ్ళే. వ్యాపారం అప్పటికే చేతిలో ఉంది కాబట్టి అక్కడ రుణం మొదటి వరుసలోకి వస్తుంది. గంపతో ఎక్కనిచ్చే పొద్దున్న బస్సు రెండోది.

ఏది ఎంచుకున్నా ఊళ్ళో ముందు నాలుగు జాబితాలు రాయండి: మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళు, మంచాన పడ్డవాళ్ళున్న ఇళ్ళు, రోజూ ఊరు దాటి పనికి వెళ్ళే ఆడవాళ్ళు, వెళ్ళాలనుకుని ఆగిపోయినవాళ్ళు. నాలుగో జాబితాలో ప్రతి పేరు పక్కన ఎందుకు ఆగిందో ఆమె మాటల్లోనే రాయించండి. సంఘాల వారీగా పంచుకుంటే పెద్ద పనేం కాదు. ఆ జాబితాల్ని సమాఖ్య తీర్మానానికి జతచేసి పంచాయతీ కార్యదర్శికీ, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజరుకీ, పీహెచ్‌సీ డాక్టరుకీ తలో ప్రతి ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ మీ పుస్తకంలో పెట్టించుకోండి.